ఉద్దానం తోటల్లో ఒక కప్పు పచ్చ తేనీరు

శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటి రైలు ఉత్తరదిక్కుగా సాగుతూవుంటే నేల తీరు క్రమంగా మారిపోతుంది. ఎడమ ప్రక్కన తూర్పు కనుమలు దగ్గరకు జరుగుతాయి. కుడి ప్రక్కన సముద్రం కంటికి కనబడదు గాని, దాని గాలి మాత్రం కిటికీలోనుంచి వచ్చి పలకరిస్తుంది. నౌపడా వచ్చేసరికి తెల్లని ఉప్పుమళ్లు. టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్లే రైలు ఇక్కడే విడిపోతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నలైను అది; ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. చలికాలంలో వచ్చేవారు టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఒక పూట ఆగకుండా పోరు. ఎక్కడెక్కడినుంచో ఎగిరివచ్చిన గూడబాతులు, రంగుల కొంగలు అక్కడి చెట్లమీద గూళ్లు కట్టుకుని, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

ఆ తరువాత పలాస. కాశీబుగ్గతో కలిసి ఒకే పురపాలకసంఘంగా వున్న జంట ఊళ్లివి. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా, సముద్రానికీ కొండలకూ నడుమ పరుచుకున్న తోటల దేశాన్నే ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానమైంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి - ఏ ఊరి దారి పట్టినా కొబ్బరి, జీడిమామిడి, పనస కమ్ముకుని నీడ పట్టివుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరంమీదనే విరుచుకుపడింది. తాతలనాటి కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొత్త మొక్కలు నాటి, అవి కాపుకు వచ్చేదాకా రైతులు ఎదురుచూశారు.

ఇంత పచ్చని దేశంలో పచ్చ తేనీటి ప్రసక్తి ఎందుకు వచ్చిందంటే, అందుకు కారకులు మా బావగారు.

మా బావగారు పదవీవిరమణ చేసిన లెక్కల మాస్టారు. అరవై రెండేళ్లు నిండాయి. ఈ ప్రయాణంలో ఆయన సంచీలో బట్టలకంటె ముందు సర్దినవి గ్రీన్ టీ పొట్లాలు. రోజుకు ఐదు కప్పులు ఆయన నియమం. కాశీబుగ్గ బజారులో టీకొట్టు ముందు ఆగి, "అమ్మా, కాస్త వేణ్ణీళ్లు ఇప్పించు," అని, తన పొట్లం తాను ముంచుకున్నారు.

కొట్టు నడిపే ఆవిడ ఆ లేతాకుపచ్చ నీళ్లను వింతగా చూసి, "పాలూ నేవు, పంచదారా నేదు. ఏటి బాబూ, మందా అది?" అన్నది.

"మందేనమ్మా. మగవాళ్లకు వచ్చే ఒక కాన్సరు రాకుండా కాపాడుతుంది," అన్నారు బావగారు గంభీరంగా.

ఆయన మాటలో హాస్యం లేదు. రెండేళ్లనాడు ఆయన అన్నగారికి ప్రోస్టేట్ గ్రంథికి కాన్సరు సోకింది. అప్పటినుంచీ మా అక్కయ్య, "మీరూ ఒకసారి డాక్టరుకు చూపించుకోండి," అని పోరుతూనే వుంది. "నేను తాగుతూనే వున్నాను కదా," అన్నది బావగారి సమాధానం. పరీక్ష అక్కరలేకుండా చేసే కవచంగా ఆయన ఆ కప్పును పట్టుకున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి కవచం పట్టుకున్నవారు మన ఇళ్లలో చాలామందే వున్నారు. కాబట్టి ఆ కప్పులో వున్నదేమిటో, దానికి ఎంత బలం వుందో చూడటం అందరికీ అవసరమే.

తేయాకు మొక్క ఒకటే. కోసిన ఆకును నలిపి గాలికి వదిలితే అందులోని పదార్థాలు గాలితో కలిసి నల్లబడతాయి; అదే మనం రోజూ పాలు పోసి మరిగించే టీ. కోసిన వెంటనే ఆకుకు జపానువారు ఆవిరి పడతారు. చైనావారు పెనంమీద వేయిస్తారు. అప్పుడు ఆ మార్పు ఆగిపోయి ఆకు పచ్చగానే వుంటుంది. అలా నిలిచిపోయే పదార్థాలనే కేటెచిన్లు అంటారు. వాటిలో ముఖ్యమైనది ఎపిగాలోకేటెచిన్ గాలేట్, పొడిమాటలో ఈజీసీజీ. ఒక కప్పు గ్రీన్ టీలో అది సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా వుంటుంది.

కేటెచిన్ అన్న పేరు మనకు కొత్తగా తోచవచ్చుగాని, దాని పుట్టిల్లు మన తాంబూలపు పళ్లెమే. చండ్రచెట్టు చేవను ఉడికించి తీసే కాచును కిళ్లీలో వేసుకుంటాము కదా! దానిని పాశ్చాత్యులు కేటెచు అన్నారు. అందులో దొరికిన పదార్థం కేటెచిన్ అయింది. నాలుకను వగరుగా పట్టే గుణం దానిదే.

పలాసలో ఈ వగరుకు ఇంకొక ఉనికి వుంది. ఈ ఊరికి పేరు తెచ్చిన జీడిపప్పు కార్ఖానాల్లో ఏదైనా ఒకదానిలోకి తొంగిచూడండి. జీడిపిక్కలకు ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఒక్కొక్క పిక్కనే కత్తిమిషనుమీద పెట్టి చీలుస్తారు. పెంకులోని జీడినూనె చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. లోపలి పప్పును వెచ్చని గదిలో ఎండబెడితే పైనున్న పల్చని ఎర్రపొట్టు వదులవుతుంది. ఆ పొట్టును ఒలిచే ఆడవాళ్ల చేతివేగం చూసి తీరవలసిందే. తరువాత గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు. పౌనుకు 180 గింజలు తూగే పెద్దరకానికి ఒక ధర, 320 తూగే రకానికి ఒక ధర.

ఒలిచిన ఎర్రపొట్టు గుట్టలుగా పడివుంటుంది. తోళ్లు ఊనడానికి పనికివస్తుంది. 1970లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయానికి చెందిన మాథ్యూ, పార్పియా అనే శాస్త్రజ్ఞులు ఈ పొట్టును పరీక్షించి, ఇందులో కేటెచిన్, ఎపికేటెచిన్ దండిగా వున్నాయని ప్రకటించారు. పచ్చ తేయాకులోని పదార్థాల కుటుంబమే ఇది! బావగారు వంగి చిటికెడు పొట్టు తీసి నాలుకమీద వేసుకున్నారు. "అవునోయ్ బావమరిదీ, అదే వగరు," అని సంబరపడ్డారు.

"అయితే బావగారూ, రోజంతా ఈ పొట్టు మధ్యనే కూర్చునే వీళ్లకు ఏ జబ్బూ రాకూడదు కదా?" అన్నాను.

"పొట్టు ముట్టుకోవడం వేరు, లోపలికి పుచ్చుకోవడం వేరు. పోలిక చెప్పేటప్పుడు సరిగా చెప్పాలి," అన్నారాయన. లెక్కల మాస్టారితో వాదించడమంటే లెక్కలతోనే వాదించాలి. ఆ మధ్యాహ్నం బసలో కూర్చుని మేము చేసిన పని అదే.

ముందుగా ఎలుకల కథ. పుట్టుకతోనే ప్రోస్టేట్ కాన్సరు వచ్చేలా పెంచిన చిట్టెలుకలకు, తాగే నీటిలో గ్రీన్ టీ సారం కలిపి పట్టించారు. అమెరికాలో పనిచేసిన సంజయ్ గుప్తా, హసన్ ముఖ్తార్ మొదలైనవారు 2001లో ఈ పరిశోధన ప్రకటించారు. సారం తాగిన ఎలుకల్లో కాన్సరు పెరుగుదల బాగా తగ్గింది. ఆశకు అది మొదటి మెట్టు.

రెండవది మనుషులమీద. ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సరుగా మారగల చెడుకణాలు కనిపించిన 60 మందిని తీసుకుని, ఇటలీలో పార్మా విశ్వవిద్యాలయపు బెటూజీ బృందం ఒక పరీక్ష చేసింది. ముప్పై మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల కేటెచిన్ల గుళికలు, ముప్పై మందికి సారంలేని ఉత్తుత్తి గుళికలు. ఏ గుళిక ఎవరికి పడుతోందో వాళ్లకు తెలియదు. ఏడాది తిరిగేసరికి మందు పుచ్చుకున్న 30 మందిలో ఒక్కరికే కాన్సరు తేలింది. ఉత్తుత్తి గుళికలవారిలో 9 మందికి తేలింది. 2006లో ఈ ఫలితం అచ్చయినప్పుడు లోకమంతా చెప్పుకున్నది. బావగారి పొట్లాలమీద ఆశ పుట్టింది కూడా ఈ వార్తతోనే.

"ఒకటికి తొమ్మిది! ఇంతకంటె ఏం కావాలి?" అన్నారాయన.

మూడవది కూడా విన్నాకనే తీర్పు చెప్పాలన్నాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు టాంపా నగరంలో మోఫిట్ కాన్సరు కేంద్రం వుంది. అక్కడి నాగి కుమార్ బృందం ఇలాంటి స్థితిలోనే వున్న 97 మందితో మళ్లీ పరీక్ష చేసి 2015లో ప్రకటించింది. రోజుకు 400 మిల్లీగ్రాముల ఈజీసీజీ, ఒక ఏడాది. మందు పుచ్చుకున్న 49 మందిలో 5 గురికి, పుచ్చుకోని 48 మందిలో 9 మందికి కాన్సరు వచ్చింది.

బావగారు కాగితంమీద ఏవో అంకెలు వేసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఐదుకూ తొమ్మిదికీ తేడా వున్నట్టే కనబడుతుంది. కాని ఇంత కొద్దిమందిలో ఆ తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడవచ్చు. అంతమాత్రాన నాణెం దొంగదని చెప్పలేము," అన్నారు. పరిశోధకులు చెప్పినదీ అదే. ఈ తేడా మందువల్ల వచ్చిందని రుజువు కాలేదు.

ఇక జపాను. పచ్చ తేనీరు మంచినీళ్లలా తాగే దేశమది. 49,920 మంది మగవారిని ఏళ్లతరబడి గమనించి 2008లో ఒక ఫలితం చెప్పారు. గ్రంథి దాటని తొలిదశ కాన్సరు విషయంలో టీ తాగినవారికీ తాగనివారికీ తేడా లేదు. ముదిరిన కాన్సరు మాత్రం, రోజుకు ఐదు కప్పులు అంతకుమించి తాగేవారిలో, కప్పుకంటె తక్కువ తాగేవారితో పోలిస్తే సుమారు సగమే కనిపించింది. ఇది ఆశ పుట్టించే మాటే. అయితే ఐదు కప్పులు తాగేవాడి తక్కిన జీవితం ఎలాంటిదో కూడా ఆ లెక్కలో కలిసి వుంటుంది. వాడి తిండి, వాడి నడక, వాడి పొగతాగుడు - వీటిని పూర్తిగా విడదీయడం పరిశోధకులకు కూడా కష్టమే.

చివరికి 2020లో కాక్రేన్ సంస్థవారు 142 పరిశోధనలను, అంటే పదకొండు లక్షలకు పైగా మనుషుల వివరాలను, ఒకచోట చేర్చి చూశారు. గ్రీన్ టీ కాన్సరును ఆపుతుందనడానికి ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని తేల్చారు. అబద్ధమని కొట్టివేయలేదు, నిజమని ముద్రా వేయలేదు.

టీగా తాగితే పెద్ద ప్రమాదం లేదు. గుళికలతోనే జాగ్రత్త పడాలి. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీని గుళికల రూపంలో మింగితే కాలేయానికి దెబ్బతగిలే సూచనలు కనిపిస్తాయని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ఇంకొక పాఠం కూడా వుంది. విటమిన్ ఇ ప్రోస్టేట్ కాన్సరును ఆపుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. 2001లో మొదలుపెట్టి 35,533 మందిమీద పరీక్షించారు. 2011లో తుది లెక్క చూస్తే, ఆ విటమిన్ పుచ్చుకున్నవారిలో కాన్సరు 17 శాతం ఎక్కువగా తేలింది! మంచిదనుకున్నది మంచిచేసి తీరుతుందన్న హామీ లేదన్నమాట.

బావగారు మాట్లాడలేదు. మరునాడు తీరం చూడటానికి బయలుదేరాము.

పలాసనుంచి తూర్పుగా అక్కుపల్లి దారి పట్టినా, ఉత్తరంగా సోంపేట మీదుగా బారువకు పోయినా, త్రోవ పొడుగునా జీడితోటలూ కొబ్బరినీడలూ. మందస వైపు చూస్తే మహేంద్రగిరి నీలంగా నిలబడివుంటుంది. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. వెనుకటికి ఓడలు ఆగిన రేవు అది, దీపస్తంభం వుంది. ఈ అందాలన్నీ చూస్తూ పోయేవాడికి ఈ తోటల్లో ఇంత దుఃఖం దాగివుందని తట్టదు.

ఉద్దానం పేరు ఇప్పుడు ప్రపంచ వైద్యపత్రికల్లో కనబడుతోంది. కొబ్బరికోసం కాదు, మూత్రపిండాల జబ్బుకోసం. చక్కెరజబ్బు లేనివారికి, నడివయసు రైతుకూలీలకు, చేపలు పట్టేవారికి మూత్రపిండాలు చప్పుడు చేయకుండా చెడిపోతున్నాయి. డాక్టరు టి. రవిరాజుగారు మొదలైన విశాఖ వైద్యులు ఏళ్లతరబడి దీనివెంట పడ్డారు. 2019లో వారు ప్రకటించిన పరిశీలనలో 2,210 మందిని పరీక్షించగా, నూటికి సుమారు 18 మందికి మూత్రపిండాల పనితనం తగ్గిపోయివుంది. అందులో ఎక్కువమందికి కారణం తెలియదు. నీటిలోని సిలికా అన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు లేకుండా పనిచేయడమన్నారు, నొప్పిమాత్రలన్నారు, వంశమన్నారు. ఏ ఒక్కటీ పూర్తిగా రుజువు కాలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకుతోటల్లోనూ ఇలాంటి జబ్బే కూలీలను పట్టి పీడిస్తోంది.

ఒక కొబ్బరితోట దగ్గర ఆగినప్పుడు, బొండాలు కొట్టి ఇచ్చిన పెద్దమనిషి తన కథ చెప్పాడు. అతని తమ్ముడు వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. పోయిన ప్రతిసారీ నాలుగేసి గంటలు.

"ముందు తెలీనేదా నాయనా?" అన్నారు బావగారు, తెలియకుండానే ఆ యాస పట్టుకుని.

"ఎలాగ తెలుస్తాది బాబూ? ఒంట్లో ఏ బాధా నేదు. నడుం నొప్పంటే మాత్రలు మింగీవోడు. ఎవలో సెప్తే ఏరుముక్కల కషాయం తాగినాడు. కాళ్లు పొంగినాక ఆస్పత్రికి ఎల్తే, అప్పటికే శానా పాడైపోనాయన్నారు. ముందలే రగతం చూపించుకుంటే ఇంకొన్నేళ్లు బాగుండీవోడట."

బావగారు బొండాం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

ఉద్దానం జబ్బుకూ ప్రోస్టేట్ కాన్సరుకూ చుట్టరికం లేదు. కాని రెండింటికీ ఒక చెడ్డ గుణం ఉమ్మడిగా వుంది. మొదట్లో రెండూ మాట్లాడవు. నొప్పి పుట్టి, వాపు వచ్చి అవి నోరు తెరిచేసరికి కాలం మించిపోయి వుంటుంది. ఈ మౌనకాలంలోనే మనిషి ఏదో ఒక ఆకును, వేరును, గుళికను నమ్ముకుని నిశ్చింతగా వుంటాడు. తాగేది గ్రీన్ టీ అయితే దానివల్ల నష్టం లేకపోవచ్చు. పరీక్షకు పోవలసిన రోజులు ఆ నమ్మకం క్రింద గడిచిపోవడమే నష్టం.

శరీరంలో ఈ రెండు అవయవాలకూ సంబంధం మాత్రం వుంది. ప్రోస్టేట్ గ్రంథి పెద్ద ఉసిరికాయంత వుంటుంది. మూత్రాశయం క్రింద, మూత్రనాళాన్ని చుట్టుకుని వుంటుంది. వయసు మళ్లినకొద్దీ అది పెరగడం కద్దు. ఆ పెరుగుదల అన్నిసార్లూ కాన్సరు కాదు. అయినా, నాళాన్ని నొక్కి మూత్రాన్ని నిలవవేస్తే ఆ ఒత్తిడి వెనక్కి ఎగదన్ని మూత్రపిండాలను చెరుపుతుంది. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవవలసిరావడం, ధార సన్నగిల్లడం, మూత్రంలో నెత్తురు కనిపించడం - ఇవి ముసలితనపు మామూలు అని ఊరుకోదగినవి కావు. తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ కాన్సరు వచ్చినవారికి ముప్పు సుమారు రెట్టింపు. అలాంటివారు యాభై ఏళ్లు రాకముందే, తక్కినవారు యాభై దాటాక, పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష తమకు అవసరమా అని డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఆ పరీక్షకూ లోపాలున్నాయి. కాన్సరు లేకపోయినా ఒక్కొక్కప్పుడు అంకె పెరుగుతుంది. అందుకనే డాక్టరుతో మాట్లాడి చేయించుకోవడం మేలు.

కాన్సరును ముందుగా ఆపడం అయ్యే పనేనా అని నిరాశపడేవారికి శ్రీకాకుళం జిల్లాయే ఒక జవాబు చెప్పింది. ఈ ప్రాంతపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు వుండేది. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని పీల్చడమన్నమాట. దానివల్ల అంగిట్లో పుండ్లు, ఆపైన కాన్సరు వచ్చేవి. బొంబాయి టాటా పరిశోధనా సంస్థకు చెందిన మెహతా, కోపెన్‌హేగెన్‌నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ మొదలైనవారు ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసి, 1971లో ఆ వివరాలు ప్రకటించారు. ఆ తరువాత శ్రీకాకుళంతోపాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని ఇంటింటికీ తిరిగి, చెడు విడమరిచి చెప్పి, మానమని బతిమాలారు. 1986లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితం వచ్చింది. మాట విని పొగాకు మానినవారు పెరిగారు. కాన్సరుకు ముందు నోటిలో పుట్టే మచ్చలు తగ్గాయి. అక్కడ ఏ గుళికా పంచలేదు. ఒక అలవాటును మాన్పించారు, అంతే.

ఇక్కడే కాచు సంగతి మళ్లీ తలుచుకోవాలి. కిళ్లీలో కాచు వుంది, కాచులో కేటెచిన్ వుంది. అయినా వక్కతో కూడిన తాంబూలం కాన్సరు కలిగిస్తుందని 2004లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ తేల్చింది. పొగాకు లేకపోయినా సరే. ఒక మంచి పదార్థం వున్నంతమాత్రాన తక్కిన చెడు మాసిపోదు.

ఉద్దానంలో కూడా ఇప్పుడు జరుగుతున్నది అలాంటి సాదా పనే. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రాన్ని, 200 పడకల ఆస్పత్రిని ప్రారంభించారు. అదే రోజున, హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం పల్లెలకు గొట్టాలలో పంపే పథకం కూడా మొదలైంది. సుమారు 700 కోట్ల రూపాయల పని. జబ్బుకు అసలు కారణం ఇంకా చేతికి చిక్కకపోయినా, మంచినీరు ఇవ్వడానికి ఆ రుజువుకోసం ఆగనక్కరలేదు కదా! ఎండలో పనిచేసేవాడు దాహానికి ముందే నీరు తాగాలి. ఒళ్లునొప్పులకు చీటీ లేకుండా మాత్రలు కొనుక్కోరాదు. ఏడాదికొకసారి రక్తంలో క్రియేటినిన్ చూపించుకోవాలి. జబ్బు వచ్చినవారు మాత్రం నీరు ఎంత తాగాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి; గ్రీన్ టీ గుళికలు, కషాయాలు వారిని అడగకుండా ముట్టరాదు.

మరి గ్రీన్ టీ మానవలెనా? ఎందుకూ? రుచి నచ్చినవారు హాయిగా తాగవచ్చు. మరిగే నీళ్లు పోయకుండా, పొంగు చల్లారిన నీటిలో రెండు మూడు నిమిషాలు ఆకు వుంచితే వగరు మితంగా వుంటుంది. భోజనంతోపాటు కాకుండా మధ్యలో తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి అడ్డురాదు. పంచదార లేకపోవడం ఒక్కటే చాలు, మనలో చాలామందికి మేలు. అంతవరకే దాని పాత్ర. వైద్యుడి కుర్చీలో దానిని కూర్చోబెట్టకూడదు.

బారువ ఒడ్డున సాయంకాలం బావగారు జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నారు. "విశాఖలో ఎల్లుండి ఉదయం ఖాళీయే కదా? నీకు తెలిసిన డాక్టరెవరైనా వుంటే అడిగి పెట్టు. మీ అక్కయ్యకు నేనే చెబుతాను," అన్నారు.

పలాస వచ్చేవారు జీడిపప్పు కొనుక్కుంటారు, మందస కోవా రుచి చూస్తారు, బారువ తీరంలో తిరుగుతారు. వీలైతే ఉద్దానం పల్లెల్లో కూడా ఒక గంట ఆగండి. కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లను పలకరించండి. ఆ నీరు తమ ఇళ్లకు ఎంత విలువైనదో వాళ్లే చెబుతారు. తిరిగి ఇంటికి చేరాక, మీ ఇంట్లో యాభై దాటిన మగవారెవరైనా చేతిలో కప్పు పట్టుకుని డాక్టరు మాట దాటవేస్తూవుంటే, ఆ కప్పు పూర్తిచేయనివ్వండి. తరువాత చొక్కా తొడిగించి, వెంటబెట్టుకుని తీసుకుపొండి.